పూజలో ఉన్న పానాలు

దసరా పొద్దున దశరథ్ మెకానిక్ షెడ్డులో పానాలన్నీ సెలవులో ఉన్నాయి.

ముందు రోజే వాటిని డీజిలుతో కడిగి, పాత బనీను గుడ్డతో తుడిచి, ఎర్రగుడ్డ మీద చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చాడు. తెల్లారి అతని భార్య రవళి వచ్చి ఒక్కొక్కదానికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, సుత్తెకు బంతిపూల దండ చుట్టి, జాకీ ముందు నిమ్మకాయ కోసింది. "రేపు పొద్దు పొడిసేదాక ఒక్కటి కదిలిచ్చినవంటే నా మీద ఒట్టే" అని చెప్పి మరీ ఇంటికి పోయింది. తప్పేం లేదు. ఏడాది పొడుగునా మన చేతుల్లో నలిగే ఇనుముకు ఒక్క పూట విశ్రాంతి ఇవ్వాల్సిందే. ఇనుముకు అంత మర్యాద చేసే మనిషి, సాటి మనిషికి ఎంత చేశాడన్నదే అసలు సంగతి.

షెడ్డు ఇస్నాపూర్ చౌరస్తా నుంచి పాశమైలారం ఫ్యాక్టరీలకు పోయే దారిలో ఉంది. ఎదురుగా, రోడ్డుకు అవతల, రేకులతో కట్టిన బాబా మియా మెకానిక్ దుకాణం. దశరథ్ మీసాలు రాకముందు నుంచీ పని నేర్చుకున్నది అక్కడే. అతనికి ఉస్తాద్ అంటే బాబా మియానే. సొంతంగా షెడ్డు పెట్టుకుంటానంటే ఆ ముసలాయన ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. తన రింగు పానాల సెట్టు తీసి చేతిలో పెట్టి పంపాడు. ఒక్కో పానా పిడి మీద ఉలితో కొట్టిన రెండు చుక్కలు ఇప్పటికీ ఉంటాయి, అది ఆయన గుర్తు. ఆ పొద్దున రవళి పెట్టిన కుంకుమ బొట్టు సరిగ్గా ఆ చుక్కల మీదనే పడింది.

షెడ్డు పెట్టాక గిరాకీ కావాలి కదా. దశరథ్ ఎవరినీ తిట్టలేదు, ఎవరితోనూ కొట్లాడలేదు. వచ్చిన వాళ్లతో మాటల మధ్యలో "ఉస్తాద్ మంచోడే గని, చెయ్యి వణుకుతున్నది పాపం" అనేవాడంతే. పాపం అనే మాట కలిపితే చాలు, ఎంత విషమైనా తియ్యగా దిగుతుంది. ఒక్కొక్క బండి రోడ్డు దాటి ఇటు వచ్చింది. అంతకుముందు ప్రతి దసరాకూ, బంగారమని పంచుకునే జమ్మి ఆకు తీసుకుపోయి ఉస్తాద్ చేతిలో పెట్టి కాళ్లు మొక్కేవాడు. ఆయన మతం వేరైనా, "మా దశరత్ బంగారం తెచ్చిండు" అని రోజంతా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. షెడ్డు పెట్టాక దశరథ్ రోడ్డు దాటడం మానేశాడు. ఏ ముఖం పెట్టుకుని దాటుతాడు?

అట్లా ఇటు వచ్చిన బండ్లలో పుష్ప వ్యాను ఒకటి. పుష్పది కొండాపూర్ దగ్గర పల్లె. మొగుడు కాలు విరిగి మంచాన పడితే, ఇంట్లో ఏడుస్తూ కూర్చోకుండా స్టీరింగు పట్టిన మనిషి. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లను మందుల ఫ్యాక్టరీలకు తీసుకుపోయి తీసుకొస్తుంది. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. కోపం వస్తే మాత్రం ముందు నోరే కదులుతుంది.

పండుగ పూట ఆమె వ్యాను రోడ్డు మీద నుంచే కీచుమంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. ముందు చక్రం దగ్గర ఇనుముకు ఇనుము రాసుకుంటున్న కూత. పంటి మీద ఇసుక పడ్డట్టు అనిపించి దశరథ్ లేచి నిలబడ్డాడు.

"తమ్మీ, బ్రేకు తొక్కితే ఏడుస్తున్నది. పొద్దటి ట్రిప్పు పాణం గుప్పిట్ల పెట్టుకోని కొట్టిన. ప్యాడ్లు నేనే కొనుక్కొచ్చిన, జెర జల్దీ వెయ్యి. మద్దాహ్నం షిఫ్టోల్లను ఎక్కించుకోవాలె."

"అక్కా, పానాలు పూజల ఉన్నయే. రేపు పొద్దుగాల చేస్త."

"ఫ్యాక్టరీల మిషన్లకు పండుగ తెలుస్తదా? బండి నిండ ఆడోల్లు ఉంటరు. ఈ బ్రేకుతోని ఎట్ల తీస్కపోవాలె, నువ్వే చెప్పు."

దశరథ్ ఆ చక్రం వైపు చూశాడు, ఎర్రగుడ్డ వైపు చూశాడు. పని కాదనలేడు, పానా ముట్టలేడు. ఎదురుగా బాబా మియా దుకాణం తెరిచే ఉంది. డబ్బా నిండా పానాలు. రోడ్డు దాటి "ఉస్తాద్, ఒక్క పద్నాలుగు నంబరు పానా ఇయ్యి" అంటే ఆయన రెండు ఇచ్చి పంపుతాడు. అది దశరథ్‌కు తెలుసు. తెలిసీ కాలు కదల్లేదు. ఇన్నాళ్లూ రాని వాడు అవసరం పడితే వచ్చాడా అంటారేమోనని నామోషీ.

పక్కనే తన్వీర్ పంక్చరు దుకాణం ఉంది. అక్కడ నట్టును బట్టి మూతి పెద్దదీ చిన్నదీ చేసుకునే స్క్రూ పానా ఒకటుంది. దాని మూతి వదులైపోయి, ముసలి పళ్ల మాదిరి కదులుతుంది. "గది పంపు తిప్పనీకి పెట్టుకున్న భాయ్, బోల్టుకు పనికి రాదు" అని తన్వీర్ అననే అన్నాడు. దశరథ్ వినకుండా దాన్నే తీసుకొచ్చాడు.

వ్యానులోనే ఉండే జాకీ, చక్రం పానాలతో వ్యాను లేపి చక్రం విప్పాడు. ప్యాడ్లు మార్చాలంటే, వాటిని పట్టి ఉంచే క్యాలిపర్‌ను పైకి లేపాలి. అది లేవాలంటే కింది బోల్టు ఒక్కటి రావాలి. వానలు, బురద, రోడ్డు మీద పారే ఫ్యాక్టరీ నీళ్లు, అన్నీ తాగి ఆ బోల్టు తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. ఇటువంటి బోల్టును ముందు సుత్తెతో తట్టాలి, నూనె తాగించాలి, ఓపిక పట్టాలి. ఇదంతా దశరథ్‌కు తెలియని విద్య కాదు. కానీ ఎదురు దుకాణంలోంచి ఉస్తాద్ చూస్తున్నాడేమోనన్న ఆలోచన వీపు మీద ఈగలా వాలి ఉంది. స్క్రూ పానా తగిలించి, పళ్లు బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాడు.

బోల్టు కదల్లేదు. పానా జారింది. మళ్లీ తగిలించాడు, మళ్లీ జారింది. మూడోసారి ఆగి ఉండాల్సింది. ఆగలేదు. చూస్తుండగానే ఆరు పలకల బోల్టు తల గుండైపోయింది. ఇక ఏ పానాకూ పట్టు దొరకదు.

దశరథ్‌కు చెమటలు పట్టాయి. పాత ప్యాడ్లే ఉండనిచ్చి "మెల్లగ పో అక్కా, రేపు చూద్దాం" అంటే సరిపోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. వెంటనే ఆ వ్యానులో కూర్చునే ఆడవాళ్లు గుర్తొచ్చి, తన మీద తనకే రోత పుట్టింది.

"ఏమైంది తమ్మీ?" పుష్ప తల వంచి చూసింది.

"బోల్టు గుండైంది అక్కా" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నోరు ఇంకో మాట జారింది. "ఇంతకుముందు చేసినోల్లు పాడు చేసి పెట్టిండ్రు."

"ఇంతకుముందు బ్రేకు పని చేసింది బాబా మియానే గదా?"

 దశరథ్ అవునని అనలేదు, కాదని అనలేదు. తల దించుకుని చేతులకున్న జిడ్డు తుడుచుకున్నాడు. కొన్నిసార్లు నోరు మూసుకోవడమే అన్నిటికన్నా పెద్ద అబద్ధం.

పుష్ప ఇక ఆగలేదు. కొంగు నడుముకు దోపుకుని లారీల మధ్యలోంచి రోడ్డు దాటింది. అక్కడ ఆమె చేతులు ఊపడం కనిపిస్తోంది గానీ మాటలు వినిపించడం లేదు. బాబా మియా స్టూలు మీద నుంచి మెల్లగా లేచి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, ఆమె వెనకే వచ్చాడు. భూమి రెండుగా చీలితే బాగుండునని దశరథ్‌కు అనిపించింది.

"నీ చెయ్యి పోయిందని అందరు అంటుంటే నేను సగమే నమ్మిన చాచా. ఇప్పుడు సూడు, నువ్వు చేసిన పని. బండెడు మంది పాణాలతోని ఆటనా?" పుష్ప వచ్చేదారంతా అంటూనే ఉంది.

ముసలాయన మోకాలు పట్టుకుని చక్రం పక్కన కూర్చున్నాడు. బోల్టు తల మీద బొటనవేలు పెట్టి ఒకసారి తడిమాడు. బోల్టంతా ఎర్రటి తుప్పు. అంచులు ఊడిన చోట మాత్రం తళతళా మెరుస్తున్న కొత్త ఇనుము. కింద మట్టిలో సన్నని ఇనుప పొట్టు ఇంకా అట్లాగే రాలి ఉంది. ఆ పక్కనే తన్వీర్ స్క్రూ పానా. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? ఈ పనిలో జుట్టు నెరిసిన మనిషికి ఇంకేం చెప్పాలి?

బాబా మియా తలెత్తి దశరథ్ కళ్లలోకి చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసినా దశరథ్ తట్టుకునేవాడు.

"హావ్ బేటీ" అన్నాడు పుష్పతో. "నా చెయ్యే. పోయినసారి నేనే గట్టిగ తిప్పి ఉంట. ముసలితనం గదా. జెర కూసో, తీసిస్తం."

దశరథ్ చెవులు కాలిపోయాయి.   ఒక్కసారి ఉస్తాద్ ఒప్పేసుకున్న తర్వాత కాదని చెప్పడానికి ఇంతకుముందు కన్నా పది రెట్లు ధైర్యం కావాలి. ఇంతకుముందే లేని ధైర్యం ఇప్పుడెక్కడి నుంచి వస్తుంది?

"నీ పానాలు పూజల ఉన్నయ్, ముట్టకు" అన్నాడు బాబా మియా. "పో, నా డబ్బా తీస్కరా."

దశరథ్ రోడ్డు దాటాడు. ఇన్నాళ్లకు దాటాడు, అదీ ఇట్లా. దుకాణంలో బాబా మియా భార్య అనీస్ బేగం మొగుడికి టిఫిన్ డబ్బా తెచ్చి కూర్చుని ఉంది. అతన్ని చూసి ఆమె ముఖం విప్పారింది. "ఆగయా మేరా బేటా! పండుగకు అస్తవని నేను అంటనే ఉన్న. నీళ్లు తాగు" అని గ్లాసు అందించింది. గ్లాసు అట్లాగే పక్కన పెట్టాడు. డబ్బా ఎత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

పని మొదలైంది. ముందు బోల్టు చుట్టూ నూనె పోసి నానబెట్టారు.  ఆ నానే సేపంతా పుష్ప గడియారం చూసుకోవడం, ఊళ్లో దుర్గమ్మ మండపం నుంచి డప్పుల చప్పుడు, అంతే. తర్వాత బాబా మియా డబ్బాలోంచి పదమూడు నంబరు గోటీ తీశాడు. బోల్టు తలను టోపీలా కప్పేసే గుండ్రటి పానా అది. గుండైన తల కన్నా ఒక నంబరు చిన్నది తీసుకుని సుత్తెతో కొట్టి ఎక్కిస్తే, అది ఇనుమును కొరికి పట్టుకుంటుంది.

"నువ్వు గోటీ పట్టుకో, నేను కొడత" అన్నాడు బాబా మియా.

సుత్తె ఆయన చేతిలో ఉంది. ఆ చెయ్యి నిజంగానే వణుకుతోంది. చెయ్యి వణుకుతుందని ఊరంతా చెప్పిన మనిషి ఇప్పుడు ఆ సుత్తె కింద తన వేళ్లు పెట్టాలి. దశరథ్ రెండు వేళ్లతో గోటీ పట్టుకున్నాడు. మొదటి దెబ్బ సరిగ్గా పడింది. రెండో దెబ్బా పడింది. మూడోది జారి అతని బొటనవేలి మీద పడింది.

కళ్లు బైర్లు కమ్మాయి. తేలు కుట్టిన దొంగకు కేక వేసే హక్కు ఎక్కడిది? పెదవి కొరుక్కుని ఊరుకున్నాడు.

"తగిలిందారా?" ముసలాయన గొంతు కంగారు పడింది.

"లేదు ఉస్తాద్."

బాబా మియా కాసేపు తన చేతినే చూసుకున్నాడు. తర్వాత సుత్తె తిప్పి పిడి వైపు నుంచి అతనికి అందించాడు. పుష్పకు వినిపించకుండా మెల్లగా అన్నాడు.

"నువ్వు అందరికి చెప్పేది నిజమే బేటా. వణుకుతున్నది. నువ్వే కొట్టు."

దశరథ్‌కు ఆ మాట వేలి మీద దెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. అంటే అన్నీ తెలుసు. ఎవరెవరితో ఏమన్నాడో, పాపం అనే మాట ఎట్లా కలిపాడో అన్నీ ఈ ముసలాయన చెవిన పడుతూనే ఉన్నాయి. తెలిసి కూడా ఇప్పుడు తువ్వాలు సర్దుకుని వచ్చాడు. తెలిసి కూడా తప్పు నెత్తిన వేసుకున్నాడు. సిగ్గుతో దశరథ్ ఒళ్లంతా ముడుచుకుపోయింది. సుత్తె తీసుకుని కొట్టాడు. బొటనవేలు నిప్పులా మండుతుంటే ఆ చేత్తోనే గోటీ పట్టుకుని కొట్టాడు. గోటీ బోల్టు తల మీదికి పూర్తిగా దిగింది.

పొడుగు పిడి తగిలించి విప్పబోతుంటే బాబా మియా ఆపాడు.

"అరే, అన్ని మర్సిపోయినవా? ముందుగాల జెరంత బిగించు. తుప్పు పట్టు వదుల్తది. తర్వాత విప్పు."

మొదటి రోజుల్లో నేర్పిన పాఠమది. దశరథ్ వెంట్రుకవాసి బిగించాడు. లోపల ఎక్కడో టక్కుమంది. వెనక్కి తిప్పితే కిర్రుమంటూ బోల్టు కదిలింది, తర్వాత తుప్పు పొడి రాలుస్తూ చుట్టు చుట్టుగా బయటికి వచ్చింది. బాబా మియా తన డబ్బా అడుగున వెతికి, అదే కొలత కొత్త బోల్టు ఒకటి తీసి ఇచ్చాడు. ప్యాడ్లు వేశారు, జారే చోట గ్రీజు రాశారు, చక్రం బిగించారు. పుష్ప బండిని రోడ్డు మీద కొంత దూరం తోలి, బ్రేకు తొక్కి చూసి, వెనక్కి వచ్చింది. చిన్న చప్పుడు కూడా లేదు.

"నువ్వున్నవ్ కాబట్టి సరిపోయింది తమ్మీ" అంది దశరథ్‌తో. తర్వాత ముసలాయన వైపు తిరిగింది. "చాచా, మంచి మాట చెప్తున్న. ఇగ ఇంట్ల కూసో. ఎవ్వరి ఉసురు పోసుకోకు."

"అట్లనే బేటీ" అని బాబా మియా నవ్వాడు.

వ్యాను వెళ్లిపోయింది. దశరథ్ డబ్బా మోయబోతే ముసలాయన ఇవ్వలేదు. తనే ఎత్తుకున్నాడు.

"ఉస్తాద్, నేను ఆమెకు చెప్త."

"నక్కో, వద్దు. చెప్పి ఏం చేస్తవ్? దుకాణం నడిసేది పేరు మీద. నీది నడవాల్సిన దుకాణం. నాదేముంది, నేడో రేపో." డబ్బా బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతూ రోడ్డు దాటాడు.

ఆ పూట ఇంట్లో దశరథ్‌కు అన్నం సయించలేదు. వేలికి గుడ్డ కట్టుకుని, తలుపు సందులో నలిగిందని చెప్పాడు. పానాలు ముట్టకుండానే పుష్పక్క బండి పని చేశాడని తెలిసి రవళి మురిసిపోయింది. "నా ఒట్టు నిలబెట్టినవ్. అమ్మవారు సల్లంగ సూస్తది" అంది. పసుపు కుంకాలతో పానాలు శుభ్రంగానే ఉన్నాయి. వాటిని పట్టే మనిషే శుభ్రంగా లేడు. ఆ సంగతి ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక కంచం ముందు నుంచి లేచిపోయాడు.

సాయంత్రం అందరితో పాటు జమ్మి చెట్టు దగ్గరికి పోయాడు. నాలుగు ఆకులు గుప్పిట్లో పట్టుకుని ఉస్తాద్ దుకాణం దాకా వచ్చాడు. అది మూసి ఉంది. ఇల్లు ఎక్కడో తెలుసు, రెండు గల్లీల అవతల. అయినా రోడ్డు పక్కనే నిలబడిపోయాడు. చేసిన దానికి ఆకు ఇచ్చి కాళ్లు మొక్కితే సరిపోతుందా? ఉస్తాద్ దగ్గర చేతులు కడుక్కుని, పుష్ప దగ్గర మంచివాడిగా మిగిలిపోవడమేగా అది?

అప్పుడే పుష్ప వ్యాను షిఫ్టు దిగిన ఆడవాళ్లతో వచ్చి అతని ముందు ఆగింది. కిటికీల్లోంచి అలసిపోయిన ముఖాలు, చేతుల్లో టిఫిన్ సంచులు.

"గీ తమ్మినే మన పాణాలు కాపాడింది" అని పుష్ప లోపలికి చెప్పింది. "ఆ ముసలాయన అయితే మనల్ని గోతిల పెడుతుండె."

"అమ్మో" అంది కిటికీ పక్కన కూర్చున్న బీరమ్మ. "మా సిన్నరాములు ఆటో ఇంక ఆయన దగ్గర్నే సేపిస్తున్నడు. రేపే మాన్పిస్త. ఊరోల్లకు గూడ చెప్పాలె."

మిగతా ఆడవాళ్లు తలూపారు. వ్యాను నిండా ఉన్నది నాలుగైదు పల్లెల మనుషులు. రాత్రి అన్నాలయ్యేలోపు ఈ మాట అన్ని ఇళ్లకూ చేరుతుంది. రేపటి నుంచి బాబా మియా రేకుల దుకాణం ముందు ఒక్క ఆటో కూడా ఆగదు. ఇన్నాళ్లూ తను చుక్క చుక్కగా పోసిన విషం ఇప్పుడు ఒక్కసారే కుండతో పోస్తున్నారు. పోసేది వాళ్లు, కుండ ఇచ్చింది తను.

"అక్కా, ఆ బోల్టు పాడు చేసింది ఉస్తాద్ కాదు" అన్నాడు దశరథ్. గొంతు తనదిలా లేదు. "నేను. నీ కండ్ల ముంగటనే, పనికిరాని పానాతోని గుంజి గుంజి నేనే పాడు చేసిన. ఆయన మీదికి పోతుంటే సప్పుడు చెయ్యకుంట కూసున్న."

 బీరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

పుష్ప ముఖం మొదట అర్థం కానట్టు ఉంది. తర్వాత ఎర్రబడింది. "మరి ఆయన నేనే అనె గదరా!"

"నా పేరు కాపాడనీకి అన్నడు."

"నువ్వు మనిషివేనా?" పుష్ప గొంతు చీలింది. "తండ్రసొంటోన్ని పట్టుకోని ఎన్ని మాటలన్న. ఉసురు పోసుకోకు అంటి గదరా. గా మాటలన్ని నాతోని అనిపించినవ్." కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకుని, తలుపు వైపు చెయ్యి చూపించింది. "ఎక్కు."

"అక్కా..."

"ఎక్కుమన్ననా లేదా? ఇల్లు సూపియ్యి."

దశరథ్ ఎక్కాడు. కూర్చోమని ఎవరూ జరగలేదు. అడగడానికి అతనికీ నోరు రాలేదు. అంతమంది ఆడవాళ్ల చూపుల మధ్య తల వంచుకుని, కడ్డీ పట్టుకుని, వేలాడుతూ నిలబడ్డాడు. రెండు గల్లీల దూరం రెండు ఊళ్లంత పొడుగు సాగింది. బాబా మియా ఇంటి ముందు పుష్ప బ్రేకు తొక్కింది. వ్యాను ఎక్కడ ఆగమంటే అక్కడ, కిక్కురుమనకుండా ఆగింది.

గడప మీద కూర్చున్న బాబా మియా వ్యానును చూడగానే కంగారుగా లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, ముందు చక్రం దగ్గర వంగాడు. "ఏమైంది బేటీ? మల్ల కూసిందా?"

"బ్రేకు మంచిగనే ఉన్నది చాచా." పుష్ప దిగి ఆయన ముందు నిలబడింది. "నా నోరే మంచిగ లేదు. తప్పయింది." ఇంకేదో అనబోయింది గానీ ఏడుపు వచ్చింది.

ముసలాయన ఆమెను చూశాడు. కిటికీల్లోంచి చూస్తున్న ముఖాలను చూశాడు. చివరికి, మెట్టు దిగుతున్న దశరథ్‌ను చూశాడు.

"చెప్పినవా?"

"చెప్పిన ఉస్తాద్. అందరి ముంగట చెప్పిన."

"నలుగుర్ల నన్ను అబద్ధాలోన్ని చేసినవ్ గదరా" అన్నాడు బాబా మియా. తిట్టబోయి నవ్వాడో, నవ్వబోయి తిట్టాడో తెలియలేదు. బీరమ్మ కిటికీలోంచే "చాచా, మా సిన్నరాములు ఆటో నీ దగ్గర్నే ఉంటది" అని గట్టిగా చెప్పింది.

దశరథ్ గుప్పిట విప్పాడు. జమ్మి ఆకులు చెమటకు నలిగి, అరచేతికి అంటుకుపోయి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ ఊడదీసి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. ఆ చెయ్యి వణికింది. ఆకులు జారబోతుంటే దశరథ్ తన రెండు చేతులతో ఆ చేతిని మూసి పట్టుకున్నాడు. అట్లా పట్టుకున్నప్పుడు కట్టుకున్న గుడ్డ జారి, నల్లగా కమిలిపోయిన బొటనవేలు బయటపడింది.

బాబా మియా ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

"తగల్లేదంటివి గదరా?"

దశరథ్ వంగి ఆయన కాళ్ల మీద తల పెట్టాడు.

"తగిలింది ఉస్తాద్" అన్నాడు.